గుర్రపు ఎముకల కచేరీ

పోయిన శ్రావణమాసంలో ఒక శనివారంనాడు మా మేనకోడలి వయొలిన్ కమానుకు జబ్బు చేసింది. వెంట్రుకలు సగానికి పైగా ఊడి, జడలు విప్పుకున్న సన్యాసి తలలాగా వేలాడుతున్నవి. మరునాడే సంఘం మేడమీద తరగతి. సరేనని పిల్లను వెంటబెట్టుకొని, పేటలో వాద్యాలు బాగుచేసే పెద్దాయన కొట్టుకు వెళ్ళాము. ఆయన పాత వెంట్రుకలను కత్తితో తీసి పారవేసి, డబ్బాలోనుంచి తెల్లటి కుచ్చు ఒకటి బయటికి తీసి, దువ్వెనతో దువ్వనారంభించాడు.

“ఇదేం దారం తాతా?” అన్నది పిల్ల.

“దారం కాదమ్మా. కుదురె బాల. గుర్రం తోక. ఒక్కొక్క కమానుకు నూటయాభై దాకా పడుతవి.”

పిల్ల కాసేపు ఊరుకొని, “ఆ గుర్రం ఇప్పుడు బతికే ఉన్నదా?” అని అడిగింది. పెద్దాయన నవ్వాడు. మేమూ నవ్వాము. జవాబు మాత్రం ఇద్దరివద్దా లేదు. చిన్నప్పటినుంచీ ఎన్నో వయొలిన్ కచేరీలు విన్నాము. బెంగుళూరులో పుట్టి విజయనగరానికి కీర్తి తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి రికార్డులు మా ఇంట్లో పూజాగదిలో పటాలంత భద్రంగా ఉండేవి. అయినా ఆ కమానుకు ముందు ఒక గుర్రం ఉన్నదన్న సంగతి ఒక్కనాడూ మా తలకు తట్టలేదు.

ఇంటికి వచ్చి ఈ ముచ్చట చెప్పగా, దాని అన్న, అనగా కంప్యూటరు ఉద్యోగం చేసే మా మేనల్లుడు, “మామయ్యా, ఇదే ప్రశ్న పట్టుకున్నవాడు ఇంగ్లండులో ఒకడున్నాడు. గుర్రం అస్థిపంజరం మొత్తం కొని, దానితో ఆల్బం చేశాడు” అన్నాడు. మమ్మల్ని ఆట పట్టిస్తున్నాడనుకున్నాము. వాడు ఊరుకోక ఆ రాత్రి మమ్మల్ని కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. ఆ తరువాత కొన్ని వారాలు ఆ మనిషి చేసిన మిగతా రికార్డులు కూడా వెతికి విన్నాము. మా చదువరులలో ఎక్కువమందికి ఈయన పేరు కొత్త కావచ్చును గనుక, విన్నదీ తెలుసుకున్నదీ ఇక్కడ పెడుతున్నాము.

ఆయన పేరు మాథ్యూ హెర్బర్ట్. పుట్టినది 1972లో. తండ్రి బి.బి.సి.లో శబ్దయంత్రాల పని చేసినవాడు. నాలుగేళ్ళకే పియానో, వయొలిన్ మొదలుపెట్టాడు, అనగా మా మేనకోడలికన్నా ముందే. ఎక్సిటర్ విశ్వవిద్యాలయంలో చదివినది నాటకం. లోకానికి తెలిసినది మాత్రం “హౌస్”, “టెక్నో” అనే నృత్యసంగీతాలు కట్టేవాడుగా.

ఈ రెండు మాటలకూ అర్థం చెప్పకపోతే పెద్దలు మమ్మల్ని క్షమించరు. అమెరికాలో షికాగో నగరాన వేర్‌హౌస్ అనే నాట్యశాల 1977లో తెరిచారు. అక్కడ ఫ్రాంకీ నకల్స్ అనే ఆయన రికార్డులను ఒకదానితో ఒకటి అతికి రాత్రంతా జనాన్ని ఆడించేవాడు. ఆ శాల పేరులోని చివరి ముక్కే సంగీతానికి పేరుగా నిలిచిపోయింది. 1980ల నడుమ మోటారుకార్ల పట్టణం డెట్రాయిట్‌లో వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్నేహితులు యంత్రాల పలుకును దాచకుండా కట్టిన బాణీ టెక్నో. రెండింటికీ వెన్నెముక ఒకటే: చతురశ్రపు నడక, నాలుగు అక్షరాలకూ నాలుగు గట్టి దెబ్బలు, నిమిషానికి ఇంచుమించు నూట ఇరవై నుంచి నూట ముప్పై. భజనగోష్ఠిలో తాళం అందుకున్నాక చేతులు వాటంతట అవే ఆడటం ఎరిగినవారికి ఇందులోని మత్తు వేరే చెప్పనక్కరలేదు. ఆ దెబ్బ వేసేది మనిషి కాదు, జపాను దేశంలో తయారైన డ్రమ్ము పెట్టె. మీట నొక్కితే ఫాక్టరీలో పెట్టిన శబ్దమే వస్తుంది. లండనులో నొక్కినా చెన్నపట్నంలో నొక్కినా అదే.

హెర్బర్ట్‌గారి పేచీ ఆ ఫాక్టరీ శబ్దంతోనే. ఆయన చేతికి దొరికిన పనిముట్టు శాంప్లరు. ఏదో ఒక శబ్దాన్ని చిటికెడు పట్టి దాచుకొని, మీట నొక్కినప్పుడల్లా పలికించే యంత్రమిది. నిదానం చేస్తే గొంతు బొంగురుపోతుంది, తొందర చేస్తే కీచుమంటుంది. పాత గ్రామఫోను పళ్ళెం తప్పు వేగంలో తిప్పి నవ్వుకున్నవారికి ఇదేమీ వింత కాదు. లోకులు ఆ యంత్రంలోకి పాత రికార్డుల ముక్కలు ఎత్తి పోసుకుంటుంటే, ఈయన 1990ల నడుమ ఒక వేపుడు ఆలుగడ్డ చిప్సు పొట్లం పట్టుకొని సభకు వెళ్ళి, దాని చప్పుడుతోనే కచేరీ చేశాడు. ఎన్నో మారుపేర్లు పెట్టుకున్నాడు: డాక్టర్ రాకెట్, విష్‌మౌంటెన్, రేడియో బాయ్. 1998లో “అరౌండ్ ద హౌస్” వచ్చింది. హౌస్ అన్న మాటను అచ్చంగా ఇల్లు అనే తీసుకొని, వంటింటి సామాను, బట్టలుతికే యంత్రం, పళ్ళు తోముకునే బ్రష్షు వంటి వాటి చప్పుళ్ళతో తాళం కట్టాడు. 2001 నాటి “బాడిలీ ఫంక్షన్స్”కు మనిషి ఒళ్ళే వాద్యం: వెంట్రుకలు, చర్మం, లోపలి అవయవాలు. వినడానికి జుగుప్స ఏమీ ఉండదు సుమా. డాని సిసిలియానో అనే గాయని మంద్రంగా పాడుతుంటే, అడుగున ఆ తాళం గుండె కొట్టుకున్నట్టు నడుస్తుంది. మొత్తం పనిలో మాకు మిక్కిలి నచ్చినది నేటికీ ఇదే.

మధ్యలో, 2000 సంవత్సరంలో, ఆయన తనకు తానే ఒక నియమావళి వ్రాసుకున్నాడు. డ్రమ్ము పెట్టె వాడరాదు. ఫాక్టరీవారు ముందే నింపి పంపిన శబ్దాలు ముట్టరాదు. ఇతరుల సంగీతంలో ముక్కలు తీసుకోరాదు. పనిలో జరిగిన పొరపాట్లను తుడిచివేయక గౌరవించవలె. మా అమ్మమ్మ మడికట్టుకొని వంటింట్లో తిరగడం గుర్తుకు వచ్చింది మాకు. ఎవరు ముట్టినదో, ఎక్కడినుంచి వచ్చినదో తెలియనిది లోపలికి రానిచ్చేది కాదు. ఆమె మడి ఎందుకోసం, ఈయన మడి ఎందుకోసం అన్నది వేరే సంగతి. ఈయన కోరినదల్లా ప్రతి చప్పుడుకూ ఊరూ పేరూ ఉండాలనే.

ఊరూ పేరూ అడగడం మొదలుపెడితే అది పాటతో ఆగదు గదా! 2005లో “ప్లా ద్యూ జూర్” అనే రికార్డు పూర్తిగా తిండి మీద చేశాడు. యంత్రశాలవంటి షెడ్లలో పెరిగే కోళ్ళ గోల ఒకచోట. 3,255 మంది ఒక్కసారిగా ఆపిల్ పండు కొరికిన చప్పుడు ఇంకొకచోట. 2012లో విష్‌మౌంటెన్ పేరుతో, టెస్కో అనే పెద్ద అంగడిలో అందరికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే పది సరుకులు తీసుకొని, వాటి డబ్బాలూ పొట్లాలూ వాయించి ఒక ఆల్బం చేశాడు. అది కొంత వేళాకోళం. 2013లో వచ్చిన “ది ఎండ్ ఆఫ్ సైలెన్స్” వేళాకోళం కాదు. 2011లో లిబియా అంతర్యుద్ధంలో గద్దాఫీ పక్షపు విమానం వేసిన బాంబు పేలుడును ఒక పత్రికా ఛాయాగ్రాహకుడు రికార్డు చేశాడు. కొన్ని క్షణాలది. ఆ కొన్ని క్షణాలనే సాగదీసి, ముక్కలు చేసి, తిరగేసి, రికార్డంతా దానితోనే నడిపాడు. వార్తలలో అట్లాంటి పేలుళ్ళు మనకు రోజూ వినిపిస్తవి, కాఫీ చల్లారదు. ఇక్కడ అదే పేలుడులో అంతసేపు కూర్చోవలసి వచ్చేసరికి మాకు ఊపిరి బిగబట్టినట్లయింది.

పంది సంగతి చెప్పక తప్పదు. 2011లో వచ్చిన “వన్ పిగ్”. 2009 ఆగస్టులో ఒక పంది పుట్టినది మొదలుకొని, 2010 ఫిబ్రవరిలో దాన్ని కోసేవరకూ, ఆ తరువాత పళ్ళెంలోకి వచ్చేవరకూ ఒకే జంతువు వెంట మైకు పట్టుకొని తిరిగాడు. పాటలకు పేర్లు లేవు, నెలలే పేర్లు: ఆగస్టు 2009, సెప్టెంబరు 2009, ఇట్లా. కోతశాలలోకి మాత్రం మైకు రానివ్వలేదు. కనుక ఆ చావు రికార్డులో లేదు. దాని తోలుతో డప్పు కట్టించాడు. విడుదల కాకముందే జంతువులను కాపాడే సంస్థ పేటావారు దుమ్మెత్తిపోశారు, ఒక ప్రాణి చావును వినోదం చేశావని. మా ఇంట్లో కూడా సభ రెండుగా చీలింది. మా పెద్దమ్మ గది వదిలి వెళ్ళిపోయింది. మేనల్లుడు, “రోజూ తినేవాళ్ళకు లేని తప్పు, వినేవాళ్ళకు వచ్చిందా?” అన్నాడు. మేము ఎటూ చెప్పలేకపోయాము. ఒకసారి విన్నాము. రెండోసారి పెట్టుకోలేదు.

అయితే ఈ ముచ్చట ఇంగ్లండువారికి వదిలి చేతులు దులుపుకోవడానికి లేదు. మృదంగం ఉన్నది గదా మన ఇళ్ళలో! దాని మూతలకూ బిగించే వారుకూ ఆవు, మేక, గేదె మూడింటి తోళ్ళూ కావలె. ఆ తోలు ఎంచి, కడిగి, గీకి, వాయించేవారి చెవికి సరిపడేదాకా పదిసార్లు విప్పి కట్టేవారు ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాలవారు. గాయకుడు టి. ఎం. కృష్ణగారు 2020లో “సెబాస్టియన్ అండ్ సన్స్” అని ఆ కుటుంబాలమీదే ఒక గ్రంథం వ్రాశారు. పాల్ఘాట్ మణి అయ్యర్‌గారి మృదంగాన్ని నాదమయం చేసిన పర్లాందు వంటివారి పేర్లు చాలామంది రసికులకు తెలిసినది అప్పుడే. పుస్తకావిష్కరణకు ఒప్పుకున్న సభాస్థలంవారు చివరిక్షణంలో అనుమతి ఉపసంహరించుకొనడం, సభ వేరొక చోట జరగడం కూడా పత్రికలలో వచ్చినవే. కచేరీ విని తల ఊపుతాము, ఆవు సంగతి ఎత్తగానే గొంతు సవరించుకుంటాము. హెర్బర్ట్‌గారిని పిచ్చివాడనేముందు ఇది కొంచెం గుర్తుంచుకోవలె.

ఇక గుర్రం. “ద హార్స్” 2023 మే నెలలో వెలువడింది. ఈబే అనే ఇంటర్నెట్టు అంగడిలో నిలువెత్తు గుర్రపు అస్థిపంజరం ఒకటి అమ్మకానికి కనిపించగా ఆయన కొన్నాడు. పనివారిచేత తొడ ఎముకలను వేణువులుగా తొలిపించాడు. పక్కటెముకలకు గుర్రపు వెంట్రుకలు కట్టి కమానులు చేయించాడు. కటి ఎముకకు తీగెలు బిగిస్తే అది ఒక విధమైన వీణ అయింది. అందులోని ఒక పాట పేరే ఆ సంగతి చెబుతుంది. పేగు తంతులూ ఉన్నవి. ఆ పైన లండన్ కాంటెంపొరరీ ఆర్కెస్ట్రావారిని పిలిచాడు. వేణువులు షబాకా హచింగ్స్ అనే ఆయన చేతికి వచ్చినవి. ఈయన పేరున్న శాక్సఫోను విద్వాంసుడు, ఆ 2023 చివరనే శాక్సఫోను పక్కనబెట్టి వేణువులనే ఆశ్రయించాడు. ఇవాన్ పార్కర్ శాక్సఫోను, థియాన్ క్రాస్ ట్యూబా అనే పెద్ద కొమ్ముబాకా కూడా ఇందులో వినవచ్చు.

అన్నిటికన్నా మాకు ఆశ్చర్యమనిపించినది గుహ సంగతి. ఉత్తర స్పెయినులో ఆదిమానవులు గుర్రాల బొమ్మలు వేసిన గుహలున్నవి. అట్టి బొమ్మలకు దగ్గరలో ఒక చప్పుడు చేసి, అది రాతిగోడలకు తగిలి ఎట్లా తిరిగి వస్తుందో పట్టుకొని తెచ్చారు. ఆ ప్రతిధ్వనిని కంప్యూటరులో వేరే ఏ నాదానికైనా తొడగవచ్చునట. అనగా లండనులో ఊదిన ఎముక వేణువు స్పెయిను గుహలో ఊదినట్లు మోగుతుంది. ఇది గారడీ కాదు, దీని వెనుక ఒక ఆలోచన ఉన్నది. జర్మనీలో హోలె ఫెల్స్ అనే గుహలో 2008లో రాబందు ఎముకతో చేసిన వేణువు ఒకటి దొరికింది. ముప్పదియైదు వేల సంవత్సరాలకు పైబడినదని పండితుల లెక్క. మనకు దొరికినంతలో మనిషి చేతి తొలి వాద్యాలు ఇట్లాంటి ఎముకలే. కనుక హెర్బర్ట్‌గారు చేసినది కొత్త వింత కాదు, పాత పనే తిరిగి చేయడం.

రికార్డు నడక కూడా అట్లాగే ఉన్నది. మొదట గుహ. ఒక ఎముక గీతకు ఇంకొకటి జవాబు చెబుతుంది, మధ్యన బోలెడంత నిశ్శబ్దం. తరువాత వెంట్రుక, తోలు, వేణువులు. మెల్లగా తాళం పుడుతుంది. ఆ పైన మనిషి ఎక్కుతాడు. “ద రైడర్, నాట్ ద హార్స్” అని ఒక పాట పేరు, అనగా రౌతే గానీ గుర్రం కాదు. ఇంకొకదాని పేరు గుర్రాన్ని పనిలో పెట్టారని. అప్పటికి ఆ నాలుగు దెబ్బల నృత్యతాళం వచ్చి కూర్చుంటుంది, పాత హెర్బర్ట్ తెలిసిపోతాడు. ఇక్కడ మాకొక సంగతి తోచింది. హౌస్ సంగీతంలో ఆ దెబ్బ ఎప్పుడూ ఆనందానికే. ఈ రికార్డులో అదే దెబ్బ వినబడగానే, బండికి కట్టిన జంతువు వీపున కొరడా తగిలినట్టనిపించింది. కాళ్ళు ఆడటానికి లేచినవి, మనసు లేవలేదు. పందెపు గుర్రాల వెంట వెళ్ళే ట్రక్కు పేరున కూడా ఒక ముక్క ఉన్నది. చివరకు వచ్చేసరికి గుర్రం గుర్తుతెచ్చుకుంటున్నది, దగ్గరలో ఉన్నది, ఇక్కడే ఉన్నది అని పేర్లు.

లోపాలు లేవా అంటే ఉన్నవి. నడుమ రెండు మూడు చోట్ల వాద్యాలు మరీ గుంపుకట్టి, ఎముకేదో కంచేదో తెలియకుండా పోతుంది. ఇంత కష్టపడి ఎముకను పలికించి, దాన్ని సమ్మర్దంలో తప్పిపోయేటట్టు చేయడమెందుకో! ఇంకొక ఫిర్యాదు పాతదే, ఈయన రికార్డులన్నిటి మీదా ఉన్నదే: వివరం చదవకుండా వింటే సగం అందదు. అది పేలుడని, ఇది తొడ ఎముక అని ఎవరో చెవిలో చెప్పవలె. మేనల్లుడు చెప్పబట్టి మాకు తెలిసింది. అయితే త్యాగరాజకృతి వింటున్న కన్నడిగునికి మేము పక్కన కూర్చొని సాహిత్యం చెప్పడమూ ఉన్నది గదా, అనుకొని సరిపెట్టుకున్నాము.

ఈ మనిషి ఇంకేమి చేయలేదు! జాజ్ బృందం నడిపాడు. మాహ్లర్ పదవ సింఫొనీని తిరగకట్టడానికి ఆ మహానుభావుని సమాధివద్ద వయోలా వాయింపించి రికార్డు చేశాడు; అది 2010లో వచ్చింది. 2012లో బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ను తిరిగి తెరిచినప్పుడు దానికి అధిపతి అయ్యాడు. ఆస్కార్ బహుమానం పొందిన “ఎ ఫాంటాస్టిక్ వుమన్” అనే చిలీ దేశపు చిత్రానికి సంగీతం ఇచ్చాడు. 2018లో ఒక పుస్తకం వ్రాశాడు: అందులో ఒక రికార్డు మొత్తం మాటలలో ఉంటుంది, ఏ చప్పుడు తరువాత ఏ చప్పుడో వర్ణన, రికార్డు మాత్రం లేదు. చదివేవాడే మనసులో వాయించుకోవలె. 2025 జూన్‌లో మొమోకో గిల్ అనే డ్రమ్ము వాద్యకారిణి, గాయనితో కలిసి “క్లే” అనే ఆల్బం తెచ్చాడు. అది చిన్నది, చల్లనిది, పాతనాటి హౌస్ బాణీకి దగ్గర. గుర్రం బరువు మోయలేనివారు దానితో మొదలుపెట్టవచ్చు. పిల్లలకైతే “అరౌండ్ ద హౌస్”. మా ఇంట్లో దాని పుణ్యమా అని వారంరోజులు గిన్నెలకు విశ్రాంతి లేకపోయింది.

మా మేనకోడలికి “ద హార్స్” మొదటి పాటలు మూడు వినిపించాము. చెవులకు పెట్టుకున్నది తీయకుండా, కదలకుండా విన్నది. అయిపోయినాక, “ఇతనికి తెలుసా, ఆ గుర్రం ఎట్లా ఉండేదో?” అన్నది. ఎముకలు చూశాడు గనుక ఎత్తు తెలిసి ఉంటుందన్నాము. దానికది చాలలేదు. మరునాటి ఆదివారం తరగతిలో తన కమాను తోటిపిల్లలకు చూపించి, ఇది తెల్ల గుర్రానిది, తాత తెల్లవి ఏరి కట్టాడు అని చెప్పిందట. మిగతా పిల్లలు కూడా తమ కమానులు వెలుతురులో పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారనీ, సరళీవరుసలు ఆనాడు పావుగంట ఆలస్యమైనవనీ పంతులమ్మగారు మాకు ఫోను చేసి చెప్పారు.